ఎలక్ట్రానిక్ చైన్‌సా మొరాయిస్తే: కాయిల్ మార్చే ముందు వరసగా చూడాల్సినవి

తుపాను వెళ్లిన మర్నాడు ఫోన్లు మొదలవుతాయి. "నిన్నటిదాకా బానే ఉందండి, ఇవాళ స్టార్టవడం లేదు." "స్టార్టవుతోంది, రేజ్ ఇస్తే ఆగిపోతోంది." "స్క్రూ తిప్పుదామంటే దీనికి స్క్రూలే లేవండి." 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాక రాజోలు, మలికిపురం వైపు నుంచి వారం రోజులు ఇవే ప్రశ్నలు. చివరికి అందరూ అడిగేది ఒకటే: పెట్రోలు మోతాదును తామే సర్దుకునే ఈ ఎలక్ట్రానిక్ రంపాల్ని (చైన్‌సాల్ని) నమ్మొచ్చా?

నమ్మొచ్చు. కాని పాత రంపాన్ని నమ్మిన పద్ధతిలో కాదు. పాత రంపానికి జబ్బు చేస్తే గొంతులోనే తెలిసిపోయేది. ఎలక్ట్రానిక్ రంపం తన జబ్బును తనే సర్దుకుంటూ, మనకి తెలియనీయకుండా నెట్టుకొస్తుంది. ఇక సర్దుకోలేని రోజున ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఆ రోజున మనం కంప్యూటర్ పోయిందనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. గాలివానకి పడిన కొబ్బరి చెట్టు సగం కోశాక రంపం ఆగిపోతే రిపేరు షాపుకి తీసుకెళ్లాను. కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపే భాగం) పోయిందన్నారు, కొత్తది వేశారు. ఇంటికొచ్చి పావుగంట కోశానో లేదో మళ్లీ ఆగింది. చివరికి తేలిందేమిటంటే పెట్రోల్ ట్యాంకులోకి గాలి వెళ్లే సన్నదారి మట్టితో మూసుకుపోయింది. పైసా ఖర్చు లేని పనికి కాయిల్ డబ్బులు పోశాను. ఈ మార్గదర్శి రాయడానికి అదే కారణం. ఇక్కడ చెప్పిన క్రమం మార్చకుండా, ఒకటి పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లండి.

1. మీ రంపం ఏ రకమో ముందు తేల్చుకోండి

కార్బురేటర్ పక్కన హెచ్, ఎల్ అక్షరాలతో పెట్రోలు సర్దే రెండు స్క్రూ రంధ్రాలు కనిపిస్తే అది మామూలు రంపం. ఊళ్లలో ఎక్కువగా కనిపించే 58 సీసీ చవక రంపాలు దాదాపు అన్నీ ఈ కోవలోవే.

స్టిల్ రంపం మోడల్ పేరు చివర సి-ఎం అని ఉంటే అందులో ఎం-ట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతి ఉన్నట్టు. హస్క్‌వార్నా వాళ్లు తమ పద్ధతిని ఆటోట్యూన్ అంటారు, ఆ మాట రంపం మీదే రాసి ఉంటుంది. స్టిల్ ఎంఎస్ 500ఐకి అసలు కార్బురేటరే ఉండదు, పెట్రోలును ఇంజెక్షన్ ద్వారా పంపుతుంది.

వీటి పనితీరు ఒక్కసారి అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. స్క్రూల బదులు కార్బురేటర్‌లో కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోల్ యూనిట్, అంటే మనం కంప్యూటర్ అనేది, గమనిస్తూ ఉంటుంది. పెట్రోలు కాస్త తగ్గించి, కాస్త పెంచి, వేగం ఎటు మారిందో చూసి సరైన మోతాదు పట్టుకుంటుంది. ఆ మోతాదును గుర్తుపెట్టుకుని, రంపం ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు అక్కడి నుంచే మొదలెడుతుంది.

బ్యాటరీ ఉండదు. తాడు లాగితే తిరిగే చక్రం (ఫ్లైవీల్) వల్ల పుట్టే కరెంటుతోనే అంతా నడుస్తుంది. అందుకే తాడు నీరసంగా లాగితే కంట్రోల్ యూనిట్ మేలుకోదు. మొదట మెల్లగా బిగువు తగిలేదాకా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున గట్టిగా లాగాలి.

పెట్రోల్ ఫిల్టర్ సగం పూడితే ఇది వాల్వు ఎక్కువ తెరిచి సర్దుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్‌కి దుమ్ము పడితే పెట్రోలు తగ్గించి సర్దుకుంటుంది. మీకు తేడా తెలియదు. సర్దుకోవడానికి ఇక చోటు లేని రోజున మాత్రమే తెలుస్తుంది.

2. పెట్రోలు: సగం జబ్బులు ఇక్కడే

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. చాలా రెండు స్ట్రోకుల రంపాల పుస్తకాల్లో 10 శాతం మించొద్దని రాసి ఉంటుంది. ఎం-ట్రానిక్ ఉన్న స్టిల్ మోడళ్ల పుస్తకాల్లో మాత్రం 27 శాతం వరకు పర్వాలేదని ఉంటుంది. పెట్రోలు మారినా వాల్వు సర్దుకోగలదు కాబట్టి. ఈ ఒక్క విషయంలో మన దగ్గర ఎలక్ట్రానిక్ రంపమే మెరుగు. మీ రంపం పుస్తకంలో ఏ అంకె ఉందో ఇవాళే చూసి పెట్టుకోండి.

అయితే ఇథనాల్‌కి ఇంకో గుణం ఉంది, అది ఎలక్ట్రానిక్స్ సర్దలేనిది. గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. వర్షాకాలంలో మన డెల్టాలో గాలే తడిగా ఉంటుంది. మూత సరిగా లేని క్యానులో పెట్రోలు వారాల తరబడి ఉంటే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకి చేరతాయి. ట్యాంకులో ఫిల్టర్ ఉండేదీ అడుగునే. రంపం ముందు ఆ నీళ్లనే తాగుతుంది. ఆ పొరలో మనం పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ ఉండదు. స్టార్టవకపోతే అదృష్టం, స్టార్టయి నూనె లేకుండా నడిస్తే పిస్టన్ గీసుకుపోతుంది.

వరదకి మునిగిన ఊరి బంకులో పెట్రోలు కొట్టించే ముందు చిన్న గాజు సీసాలో కొంచెం పట్టి, అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే గీత కనిపిస్తే ఆ పెట్రోలు రంపానికి వద్దు.

ఇథనాల్ ఎంతుందో తెలుసుకోవాలంటే కొలతలున్న గాజు గొట్టంలో 20 మి.లీ. నీళ్లు, 100 మి.లీ. పెట్రోలు పోసి ఊపి పది నిమిషాలు నిలపండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 20 నుంచి 40 మి.లీ.కి పెరిగితే సుమారు 20 శాతం ఉన్నట్టు. పొయ్యికి, దీపానికి దూరంగా, ఆరుబయట చేయండి. ఆ పెట్రోలును తిరిగి వాడొద్దు.

కలిపే కొలత:
- 50కి 1 అంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ. ఆయిల్, రెండు లీటర్లకి 40, అయిదు లీటర్లకి 100. మీ పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి.
- ఆయిల్‌ని మూతతో అంచనా వేయొద్దు. మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి వాడండి.
- ఆయిల్ డబ్బా మీద జేఏఎస్ఓ ఎఫ్‌డి అనే గుర్తు చూడండి.
- సగం పెట్రోలు పోసి, ఆయిల్ కలిపి ఊపి, మిగతాది పోయండి. రంపంలో పోసే ప్రతిసారీ క్యాను మళ్లీ ఊపాలి.
- కలిపిన తేదీ క్యాను మీద టేపు అంటించి రాయండి. వర్షాకాలంలో మూడు వారాలు దాటిందా, రంపంలో పోయకండి.

"ఆయిల్ కాస్త ఎక్కువైతే ఇంజిన్‌కి మంచిదే కదా" అని మా కోత మేస్త్రీలు అంటుంటారు. మంచిది కాదు. సైలెన్సర్ జల్లెడకి, ప్లగ్గుకి మసి పడుతుంది. ఆ మసిని కూడా రంపం కొన్నాళ్లు సర్దుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో పైన చెప్పాను.

3. విప్పే ముందు తయారీ

తోటలో ఇసుకలో కూర్చుని కార్బురేటర్ మూత తీయొద్దు. అంతర్వేది వైపు తీరంలో ఇసుక గాలికే లేస్తుంది. అరుగు మీద, తెల్లటి గుడ్డ పరిచి కూర్చోండి. తెల్ల గుడ్డ మీద పడిన చిన్న స్క్రూ కూడా కనిపిస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:
- రంపంతో వచ్చిన పానా, స్టార్ హెడ్ స్క్రూడ్రైవర్
- పాత టూత్ బ్రష్, పెయింట్ బ్రష్
- ట్యాంకులోంచి ఫిల్టర్ తీయడానికి కొస వంచిన సన్న తీగ
- కొత్త పెట్రోల్ ఫిల్టర్, మీ మోడల్‌కి చెప్పిన కొత్త ప్లగ్గు
- కనెక్షన్లు శుభ్రం చేసే స్ప్రే
- తాజాగా కలిపిన పెట్రోలు అర లీటరు

రంపం చల్లారాలి, చైన్ బ్రేక్ వేసి ఉండాలి, చేతికి గ్లౌజులు ఉండాలి. మీ మోడల్ పుస్తకం పోతే కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది. ఫోన్‌లోకి దించి పెట్టుకోండి. తుపాను రోజున సిగ్నల్ ఉండదు.

4. జబ్బు వెతికే వరస

ఇక్కడ తొందర పనికిరాదు. ఒక్కో మెట్టు తర్వాత స్టార్ట్ చేసి చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే రంపం బాగుపడుతుంది గాని, ఏది పోయిందో మీకు తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే.

మెట్టు 1: పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయండి. ట్యాంకు వంచి అడుగు దాకా ఖాళీ చేయాలి.

మెట్టు 2: ట్యాంకు గాలిదారి. రంపం కొంతసేపు నడిచి ఆగుతోందా? ఆగగానే, సెగ తగలకుండా జాగ్రత్తగా పెట్రోల్ మూత వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుని, మూత మళ్లీ బిగించాక రంపం మామూలుగా నడిస్తే గాలిదారి పూడినట్టే. నా కాయిల్ డబ్బులు తిన్నది ఇదే. కొన్ని మోడళ్లలో అది విడి ముక్క, తక్కువ ధరకే దొరుకుతుంది. సూది పెట్టి పొడవకండి, వాల్వు చిరుగుతుంది.

మెట్టు 3: ఎయిర్ ఫిల్టర్. కొబ్బరి కోసినప్పుడు పడే పొడి సన్నంగా, పీచుతో ఉంటుంది, ఫిల్టర్‌కి పేస్టులా అతుక్కుంటుంది. ముందు దాని చుట్టూ ఉన్న పొడి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే ఫిల్టర్ ఊడదీయండి. లేదంటే ఆ పొడంతా కార్బురేటర్ నోట్లోకి పోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగొచ్చో లేదో పుస్తకంలో చూడండి. కడిగితే పూర్తిగా ఆరాకే బిగించాలి.

మెట్టు 4: పెట్రోల్ ఫిల్టర్. తీగ కొసతో గొట్టాన్ని మెల్లగా బయటికి లాగండి. పట్టకారుతో (ప్లయర్) పట్టి గుంజితే గొట్టం చీలుతుంది. నోటితో ఊది చూసే పద్ధతి వద్దు. కొత్తదే వేయండి, ఖరీదేమీ కాదు. గొట్టాన్ని వంచి చూసి పగుళ్లు ఉన్నాయేమో గమనించండి. గాలి లాగుతున్న గొట్టాన్ని ఏ కంప్యూటరూ సరిచేయలేదు.

మెట్టు 5: ప్లగ్గు. గ్యాప్ 0.5 మి.మీ. ప్లగ్గు నంబరులో ఆర్ అనే అక్షరం ఉండి తీరాలి. ఆ అక్షరం ఉన్న ప్లగ్గులో రెసిస్టర్ ఉంటుంది. మోటార్ సైకిల్ షాపులో "ఇదీ సరిపోద్దండి" అని ఇచ్చే ఆర్ లేని ప్లగ్గు మామూలు రంపాన్ని నడిపిస్తుందేమో గాని, ఎలక్ట్రానిక్ రంపంలో కంట్రోల్ యూనిట్‌కి అడ్డొస్తుంది. రంపం అప్పుడప్పుడు తడబడుతుంటే ముందు ఈ అక్షరం చూడండి.

స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గు ఇనుపభాగం సిలిండర్‌కి గట్టిగా ఆనాలి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉండాలి, రంధ్రం మీద గుడ్డ కప్పాలి. ప్లగ్గు మీది క్యాప్ ఊడదీసి గాల్లో వదిలేసి తాడు లాగొద్దు. ఆ వోల్టేజీ పోవడానికి దారి లేక కాయిల్‌నే కొడుతుంది. బాగున్న కాయిల్ పరీక్షలోనే పోవడం ఇలాగే.

మెట్టు 6: సైలెన్సర్ జల్లెడ. కొన్ని మోడళ్లకే ఉంటుంది. మసి పట్టి మూసుకుంటే రంపం ఐడిల్ బాగుండి, రేజ్ ఇస్తే ఎక్కదు. బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి.

మెట్టు 7: స్టాప్ స్విచ్ తీగ. వెనక పిడి దగ్గర తీగ ఒరుసుకుని పైపూత పోతే, బాడీకి తగిలినప్పుడల్లా స్పార్క్ ఆగిపోతుంది. రంపం ఒక వైపు వంచితే ఆగి, నిలబెడితే స్టార్టవుతోందంటే దాదాపు ఇదే.

ఈ ఏడు మెట్లలో తేలని జబ్బు అరుదు.

5. శుభ్రం చేశాక రంపానికి మళ్లీ నేర్పించాలి

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఫిల్టర్లు పూడి ఉన్నప్పటి మోతాదు రంపం మెదడులో అలాగే ఉంటుంది. శుభ్రం చేయగానే మొదటి కోతలో పొగ ఎక్కువో, రేజ్ తక్కువో అనిపిస్తే కంగారు పడి మళ్లీ విప్పొద్దు. కొత్త పరిస్థితికి అది అలవాటు పడాలి.

ఎం-ట్రానిక్ రంపాల్లో క్యాలిబ్రేషన్ అనే పని ఉంటుంది. సాధారణంగా సాగే క్రమం ఇది. మీ పుస్తకంలో వేరుగా ఉంటే పుస్తకమే మాట:

- బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ బిగించి ఉండాలి. చైన్ బిగువు సరిగా ఉండాలి.
- బార్ కొస నేలకి, గోడకి, మనుషులకి దూరంగా ఉండాలి. పిల్లల్ని లోపలికి పంపేయండి.
- చైన్ బ్రేక్ వేసి, మీటను స్టార్ట్ గుర్తు దగ్గర పెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేయండి.
- అలాగే కనీసం 30 సెకన్లు నడవనివ్వండి. ట్రిగ్గర్ తగలకూడదు.
- బ్రేక్ తీసి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టండి. ఇంజిన్ వేగం ఎగుడుదిగుడుగా మారుతుంది. అది జబ్బు కాదు, వెతుక్కుంటోంది.
- వేగం స్పష్టంగా తగ్గి నిలకడగా ఉన్నట్టు వినిపించాకే ట్రిగ్గర్ వదలండి. తొందరపడి వదిలితే మొదటి నుంచి చేయాలి.

చైన్ పూర్తి వేగంతో తిరుగుతూ ఉంటుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, అలసిపోయి ఉంటే రేపు చేయండి.

ఆటోట్యూన్ రంపాలకి ఇంత తంతు అక్కర్లేదు. వేడెక్కాక గట్టి దుంగ మీద పూర్తి రేజ్‌తో కొన్ని నిమిషాలు కోయండి. సరుగుడు మొద్దు దీనికి బాగుంటుంది. కోత మీద భారం పడుతున్నప్పుడే అది నేర్చుకుంటుంది. గాల్లో వూరికే రేజ్ ఇస్తే ఏమీ నేర్చుకోదు.

గాల్లో రేజ్ గురించి ఇంకో మాట. పాత మెకానిక్కులు ఫుల్ రేజ్‌లో వచ్చే గరగర శబ్దం విని "పెట్రోల్ ఎక్కువైంది, తగ్గించాలి" అంటారు. స్క్రూల రంపంలో ఆ అనుభవం బంగారం. ఎలక్ట్రానిక్ రంపంలో ఆ గరగర చాలాసార్లు వేగం హద్దు దాటకుండా స్పార్క్ కత్తిరించే శబ్దం. దాన్ని చూసి ఏదీ సర్దాల్సిన పని లేదు.

6. వేడి మీద స్టార్టవకపోతే

ఎండాకాలంలో ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు లాగుళ్లకే వస్తుంది. మజ్జిగ తాగడానికి ఆపి, పది నిమిషాల తర్వాత లాగితే రాదు.

ఇంజిన్ ఆగగానే చల్లగాలి కొట్టే ఫ్యాను కూడా ఆగిపోతుంది. సిలిండర్ వేడి కార్బురేటర్‌లోకి పాకి పెట్రోలు ఆవిరవుతుంది. ఇందులో ఎలక్ట్రానిక్స్ తప్పు తక్కువ, మన అలవాట్ల తప్పు ఎక్కువ.

- పెద్ద కోత అవగానే ఆపేయకండి. నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచి ఆపండి.
- ఎండలో, కాలే ఇసుక మీద పెట్టొద్దు. కొబ్బరి మట్ట నీడలో పెట్టండి.
- ట్యాంకు అడుగంటిన రంపమే ఎక్కువగా మొరాయిస్తుంది. విరామంలో, చల్లారాక, నింపి ఉంచండి.
- స్టార్టర్ మూత కింద గాలి పీల్చే చీలికల్లో పీచు ఇరుక్కుందేమో చూడండి. అది ఇరుక్కుంటే సిలిండర్ చల్లబడదు.
- రాలేదని చోక్ వేసి పదే పదే లాగితే ప్లగ్గు తడుస్తుంది. అప్పుడు ప్లగ్గు తీసి తుడిచి, రంధ్రం మీద గుడ్డ కప్పి, స్టాప్ నొక్కి ఉంచి నాలుగుసార్లు తాడు లాగి, పొడి ప్లగ్గు బిగించండి. క్యాప్ గురించి పైన చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది: ప్లగ్గుకి తొడిగి, ఇనుపభాగం సిలిండర్‌కి ఆనించి ఉంచండి.

కొన్ని మోడళ్లకి డీలర్ దగ్గర ల్యాప్‌టాప్‌కి కలిపి సాఫ్ట్‌వేర్ కొత్తది వేసే వీలుంది. పైవన్నీ చేసినా వేడి మీద ఇబ్బంది పోకపోతే అది అడగండి. అడగనిదే ఎవరూ చెప్పరు.

7. కోతలో పొరపాట్లు, ఇంజిన్ మీద పడే నిందలు

కొబ్బరి చెట్టు మిగతా చెట్ల లాంటిది కాదు. పైచుట్టు రాయిలా గట్టి, నడిమి మెత్తన. మొదలు దగ్గర మరీ గట్టి, పైగా ఇసుక, మట్టి అంటుకుని ఉంటాయి. నాలుగు మొదళ్లు కోసేసరికి చైన్ మొద్దుబారుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీటికి మొవ్వు ఎండిపోయిన చెట్లను కోసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఎండిన మాను ఇంకా మొండి.

చైన్ మొద్దుబారితే మనం రంపాన్ని అదిమి నొక్కుతాం. ఇంజిన్ ఈడుస్తుంది, వేడెక్కుతుంది, ఆగుతుంది. "పవర్ లేదండి, కంప్యూటర్ పోయింది" అని ఫోన్. పడే పొడి చూడండి. కొబ్బరి పొడి ఎలాగూ పీచుగానే ఉంటుంది కాబట్టి పక్కన ఉన్న సరుగుడో, తుమ్మో కోసి చూడండి. పెచ్చులు పెచ్చులుగా రావాలి. పిండిలా రాలితే ఆకురాయి పట్టండి, ఇంజిన్ జోలికి వెళ్లొద్దు.

ఇంకొకటి పీచు. క్లచ్ మూత కింద అది తాడులా చుట్టుకుంటుంది. చైన్‌కి ఆయిల్ వచ్చే రంధ్రాన్ని కూడా మూసేస్తుంది. కొబ్బరి పనిలో ప్రతి ట్యాంకుకి ఒకసారి ఆ మూత విప్పి లాగేయండి. రెండు నిమిషాల పని. ఆయిల్ అందుతోందో లేదో చూడ్డానికి బార్ కొసను సిమెంటు బస్తా ముక్క పైన గాల్లో ఉంచి రేజ్ ఇవ్వండి. నూనె చారలు పడాలి.

మొదలు కోసే ముందు గడ్డపారతో మట్టి, ఇసుక గీకేయండి. వీలైతే జానెడు పైన కోయండి.

కాలవ గట్ల మీద పడిన నిద్రగన్నేరు కొమ్మలు వంగి బిగుసుకుని ఉంటాయి. బిగుసుకున్న వైపు కోస్తే ఎగిరి తంతాయి. ఇది రంపం నాణ్యతకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. కరెంటు తీగ తగిలిన చెట్టైతే రంపం పక్కన పెట్టి 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చి చెప్పేదాకా ముట్టుకోకండి.

8. ఉప్పుగాలి, తడి

ఎలక్ట్రానిక్ రంపాన్ని నిజంగా దెబ్బతీసేది మన దగ్గర ఇదే. వాల్వు దగ్గర, కాయిల్ దగ్గర తీగల జాయింట్లు ఉంటాయి. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉప్పుగాలికి వాటి మీద పచ్చటి చిలుం పడుతుంది. ఒక రోజు పని చేసి, ఒక రోజు చేయని రంపాన్ని చూస్తే నేను మొదట అనుమానించేది ఈ చిలుమునే.

ఆరు నెలలకోసారి ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కనిపించే జాయింట్లను మెల్లగా ఊడదీసి, స్ప్రేతో కడిగి, ఆరాక టక్కున పడేలా తిరిగి నొక్కండి. తీగ పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ ముక్క పట్టుకుని లాగండి.

రంపాన్ని ప్రెషర్ పైపుతో కడగొద్దు. ఎరువుల బస్తాల పక్కన, చేపల మేత షెడ్డులో పెట్టొద్దు. ఇంట్లో గోడకి, నేలకి ఎత్తున, గాలి ఆడేచోట పెట్టండి.

వరద నీళ్లలో మునిగిందా? తాడు లాగొద్దు. ప్లగ్గు తీసి, బోర్లించి నీళ్లు కార్చి, పెట్రోలు మొత్తం పారబోయండి. మునిగింది ఉప్పునీళ్లలోనైతే మంచినీళ్లతో తొలవండి. సిలిండర్‌లో రెండు చుక్కలు టూటీ ఆయిల్ వేసి, ఆ రోజే సర్వీసుకి చేర్చండి. ఒక్క రాత్రి ఆగితే బేరింగుకి తుప్పు మొదలవుతుంది.

9. అప్పుడు, నిజంగా ఎలక్ట్రానిక్స్ పోయిందనుకుంటే

ఏడు మెట్లూ చూశారు, క్యాలిబ్రేషన్ చేశారు, జాయింట్లు శుభ్రం చేశారు. అయినా క్యాలిబ్రేషన్‌లో వేగం ఏమాత్రం మారకపోతే, లేదా ఎన్నిసార్లు చేసినా పొగలు కక్కుతూనే ఉంటే వాల్వు మీదో, కంట్రోల్ యూనిట్ మీదో అనుమానం న్యాయమే.

అప్పుడు కూడా ముందు డీలర్ దగ్గర డయాగ్నొస్టిక్ పరికరానికి కలిపి చూడమనండి. అది లేని షాపులో కాయిల్ మార్చడమంటే చీకట్లో రాయి వేయడమే. ఆ వెంటే ఇంజిన్‌కి ప్రెషర్, వాక్యూమ్ పరీక్ష చేయించండి. క్రాంక్ సీలు దగ్గరో, ఇన్‌టేక్ రబ్బరు దగ్గరో గాలి లాగుతుంటే వాల్వు చేతనైనంత పెట్రోలు పెంచి నెట్టుకొస్తూ ఉంటుంది. కొత్త కాయిల్ వేసినా లీకు అలాగే ఉంటే, ఈసారి పోయేది పిస్టన్.

షాపులో అడగాల్సినవి:
- పరికరంలో ఏ తప్పు చూపించింది? ఫోటో తీసుకోవచ్చా?
- లీకు పరీక్ష చేశారా?
- కొత్త కాయిల్, కార్బురేటర్ పార్టు నంబరు నా మోడల్‌దేనా?
- పాత ముక్క నాకు ఇస్తారా?

ఒకే కంపెనీ అయినా ఒక మోడల్ కాయిల్ ఇంకో మోడల్‌కి పెట్టొద్దు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల లెక్కలు వేరు. డూప్లికేటు కార్బురేటర్ మామూలు రంపానికి ఏదోలా సర్దుకుంటుంది, దీనికి సర్దుకోదు.

10. కొనేవాళ్లకి, తుపాను రోజుల్లో పని చేసేవాళ్లకి

ధర అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి: డయాగ్నొస్టిక్ పరికరం ఉన్న సర్వీసు మీ ఊరికి ఎంత దూరం? రెండు గంటల ప్రయాణంలో లేకపోతే, రోజూ కోత పని లేని రైతుకి నేను స్క్రూల రంపమే చెబుతాను. రోజూ కోసే మేస్త్రీకి ఎలక్ట్రానిక్ రంపం పెట్రోలులోనూ, శ్రమలోనూ కలిసొస్తుంది.

సెకండ్ హ్యాండ్ రంపమైతే చల్లగా ఉన్నప్పుడే వెళ్లి చూడండి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. మీ పెట్రోలు, మీ ప్లగ్గు పట్టుకెళ్లండి. పావుగంట కోసి, ఆపి, పది నిమిషాలు మాట్లాడుతూ కూర్చుని, మళ్లీ లాగండి.

మా ప్రాంతంలో తుపాన్ల భయం ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో. 1996 నవంబర్ 6 నాటి తుపానుకి కోనసీమలో ఎన్ని కొబ్బరి చెట్లు నేలకొరిగాయో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. సెప్టెంబర్ ఆఖరికి ఈ పనులు పూర్తి కావాలి:

- కొత్త పెట్రోల్ ఫిల్టర్, కొత్త ప్లగ్గు వేసి, పాత ప్లగ్గు బాగుంటే స్పేరుగా ఉంచుకోవాలి
- రెండు పదునైన చైన్లు, ఒక ఆకురాయి
- జాయింట్లు శుభ్రం చేసి, క్యాలిబ్రేషన్ చేసి, గట్టి మొద్దు మీద పావుగంట కోసి చూడాలి
- హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రమే పెట్రోలు కలపాలి. ముందే కలిపి దాచొద్దు. విడి పెట్రోలు, ఆయిల్ దగ్గర ఉంచుకుంటే చాలు
- హెల్మెట్, కాళ్లకి రక్షణ బట్ట, గట్టి బూట్లు ఒకే సంచిలో

తుపాను పనికి ఒక్క ఎలక్ట్రానిక్ రంపాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. కరెంటు లేక, రోడ్డు మూసుకుపోయి డీలర్ దగ్గరకి వెళ్లలేని మూడు రోజులే మీకు రంపం కావాల్సిన మూడు రోజులు. పక్కింటి వాళ్లతో కలిసి ఒక స్క్రూల రంపం తోడుగా పెట్టుకోండి. దానికీ అదే పెట్రోలు క్యాను, వీలైతే అదే కొలత చైన్ సరిపడేలా చూసుకోండి. అది కూడా నెలకోసారి స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు కోసి, ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.